సూది పడే పార్లర్ పనులు: అడ్వాన్స్ కట్టే ముందు, కుర్చీలో కూర్చునే ముందు

పార్లర్ రేట్ కార్డులో ఐబ్రోస్ పక్కనే మైక్రోబ్లేడింగ్, అంటే సన్న బ్లేడుతో కనుబొమ్మల్లో రంగు ఎక్కించడం, ఉంటుంది. ఫ్రూట్ ఫేషియల్ కిందే మైక్రోనీడ్లింగ్, అంటే సన్నసూదులతో చర్మాన్ని పొడవడం, ఉంటుంది. రేటు తప్ప మరే తేడా లేదన్నట్టు రాసి ఉంటాయి. కానీ ఒకటి చర్మం పైపైన జరిగే పని, రెండోది చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లే పని. చర్మం తెగితే రక్తం వస్తుంది. అప్పుడు ముందు వచ్చినవాళ్ల జబ్బు మీకు, మీ జబ్బు తర్వాత వచ్చేవాళ్లకు అంటుకోవడానికి దారి ఏర్పడుతుంది.

అడ్వాన్స్ షరతులు వేరు, సూది శుభ్రత వేరు అని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. కట్టిన రెండు వేలు పోతాయన్న భయంతో పెదవి మీద పొక్కు ఉన్న రోజున కూడా వెళ్లి కూర్చునేవాళ్లు ఉన్నారు. అరగంటకో అపాయింట్‌మెంట్ ఇచ్చే చోట పరికరాలు శుభ్రం చేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే బుకింగ్ మాటల దగ్గర నుంచే జాగ్రత్త మొదలవ్వాలి.

ముందు రేట్ కార్డును రెండుగా విడగొట్టండి

చర్మం లోపలికి వెళ్లేవి ఇవి: ముక్కు, చెవి కుట్టడం, పచ్చబొట్టు, మైక్రోబ్లేడింగ్, పెదాలకు రంగు ఎక్కించే లిప్ బ్లష్, డెర్మా పెన్ లేదా రోలర్‌తో చేసే మైక్రోనీడ్లింగ్, సొంత రక్తం తీసి ముఖానికి ఎక్కించే పీఆర్‌పీ, కాటరీతో పులిపిర్లు కాల్చడం, వెంట్రుక కుదుట్లోకి సూది పెట్టి కరెంటుతో చంపే ఎలక్ట్రాలసిస్, సూదితో తెల్లగింజలు తీయడం. ఫేషియల్ మధ్యలో బ్లాక్‌హెడ్స్‌కు వాడే ఇనుప లూప్, దాని రెండో కొసన ఉండే సూది కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాటిని చాలామంది పట్టించుకోరు. గిన్నెలో స్పిరిట్ పోసి అదే లూప్‌ను రోజంతా తిప్పే చోట్లు తక్కువేం కాదు.

థ్రెడింగ్, వ్యాక్సింగ్ పైపైనే జరగాలి, కానీ తరచూ గీసుకుపోతుంది. దారం కొసను పళ్ల మధ్య పట్టుకుని చేసేవాళ్లను మెడకు కట్టుకుని చేయమని అడగండి. మీ ముఖం మీద పులిపిరి ఉంటే దాని మీదుగా దారం లాగనివ్వకండి, పక్కచోట్లకు పాకుతుంది. వ్యాక్స్ డబ్బాలో ఒకసారి ఒంటికి తగిలిన పుల్లను మళ్లీ ముంచకూడదు. మొటిమలకు అడాపలీన్, ట్రెటినోయిన్ క్రీములు రాసుకునేవాళ్లు ముఖానికి వ్యాక్సింగ్ చేయించుకుంటే వెంట్రుకతోపాటు పైపొర కూడా ఊడొస్తుంది.

ఇక పార్లర్‌లో అసలు చేయించుకోకూడనివి కొన్ని ఉన్నాయి. పీఆర్‌పీ, ఫిల్లర్లు, బొటాక్స్, ఏ రకం ఇంజెక్షనైనా డాక్టర్ పనే. తెల్లబడటానికి గ్లూటాథయోన్ సెలైన్ ఎక్కిస్తామంటే లేచి వచ్చేయండి. ఆ వాడకం మీద ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరిక జారీ చేసింది. పుట్టుమచ్చలను కాటరీతో తీయించుకోవద్దు. రంగు మారుతున్న, అంచులు వంకరపోతున్న మచ్చను కాల్చేస్తే క్యాన్సరేమోనని పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు.

మైక్రోనీడ్లింగ్ విషయంలో సూది పొడవు అడగాలి. 0.2, 0.3 మిల్లీమీటర్లంటే పైపొర దాటదు. 0.5 దగ్గర రక్తం చెమర్చడం మొదలవుతుంది. మొటిమల గుంటలకు వాడే 1.5 మిల్లీమీటర్ల సూది చర్మం అసలు పొరలోకి దిగుతుంది. 0.5 దాటిన ఏ పనికైనా చర్మవ్యాధి నిపుణులున్న క్లినిక్‌కే వెళ్లండి. బోర్డు మీద 'స్కిన్ స్పెషలిస్ట్' అని ఉంటే చాలదు. ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఆ నంబర్‌ను ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. గోడకు వేలాడే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ వ్యాపారానికి అనుమతి మాత్రమే, దానికీ సూదికీ సంబంధం లేదు.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

తేదీ ముందు అనుకుని చికిత్స తర్వాత ఎంచుకుంటేనే సుఖం. వారంలో పెళ్లి పెట్టుకుని 'ఏదో ఒకటి చేయండి మేడమ్' అంటే పార్లర్ వాళ్లు ఏదో ఒకటే చేస్తారు.

ముక్కు కుట్టించుకుంటే లోపల మానడానికి మూడు నాలుగు నెలలు, కొందరికి ఆరు నెలలు పడుతుంది. పైకి మానినట్టు కనబడుతుంది కాబట్టి మూడో వారంలోనే బరువైన ముక్కుపుడక పెడతారు, అది చీము పడుతుంది. చెవి తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. చెవి పైభాగం, అంటే మృదులాస్థి, ఆరు నెలల నుంచి ఏడాది తీసుకుంటుంది.

మైక్రోబ్లేడింగ్‌కు పెచ్చు రాలడానికి ఒకటి రెండు వారాలు, టచప్‌కు మరో ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పెళ్లికి మూడు నెలల ముందు మొదలుపెడితే రంగు నచ్చకపోయినా సరిచేసే వ్యవధి ఉంటుంది. మైక్రోనీడ్లింగ్ సిట్టింగులకు మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి. చివరిది పెళ్లికి కనీసం నెల ముందే ముగించేయండి. కాటరీ పెచ్చులు పదిరోజుల్లో రాలతాయి, కానీ మన చామనఛాయ ఒంటి మీద ఆ చోట నల్లమచ్చ నిలిచి తగ్గడానికి నెలలు పట్టొచ్చు. మెడ మీద పులిపిర్లు తీయించుకోవాలంటే రెండు మూడు నెలల ముందే తీయించేయండి.

నలుగు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. సూదులు పడిన ముఖానికి వారం రోజులు శనగపిండి, పసుపు, సున్నిపిండి ఏవీ రుద్దకూడదు. ఎంగేజ్‌మెంట్, నలుగు, పెళ్లి వరసగా ఉంటే ముఖాన్ని మినహాయించమని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు పొద్దున అత్తలందరూ చుట్టూ చేరాక చెబితే ఎవరూ వినరు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి పార్లర్లు ఖాళీగా ఉంటాయి, ఆఫర్లు పెడతారు. ఎండ తక్కువ, వాళ్లకు తీరిక ఎక్కువ. సిట్టింగులు మొదలుపెట్టడానికి నిజంగానే మంచి కాలం. ఆఫర్‌లో ఆరు సిట్టింగుల డబ్బు ఒకేసారి కట్టమంటేనే ఆగాలి. ఆ సంగతి అడ్వాన్స్ దగ్గర చూద్దాం.

ఏడాదిలోపు ఎవరికైనా రక్తం ఇవ్వాల్సి ఉంటే అదీ గుర్తుంచుకోండి. పచ్చబొట్టు వేయించుకున్నా, చెవి కుట్టించుకున్నా మన దేశంలో 12 నెలలు రక్తదానానికి తీసుకోరు.

బుకింగ్ మాటలు రాతలో ఉండాలి

ఫోన్‌లో మాట్లాడినా తర్వాత వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

'నమస్తే అండి. డెర్మా పెన్ 0.5 మి.మీ. సిట్టింగ్‌కు వచ్చే గురువారం అపాయింట్‌మెంట్ కావాలి. అడ్వాన్స్ పంపే ముందు ఇవి చెప్పండి. సూదుల కాట్రిడ్జ్ సీల్ నా ముందే తీస్తారా? దాని ధర రేటులోనే ఉందా, విడిగానా? చేసేది ఎవరు? మొత్తం ఎంతసేపు పడుతుంది? జ్వరం వచ్చినా, ముఖం మీద పొక్కు లేచినా తేదీ మార్చుకుంటే అడ్వాన్స్ అలాగే ఉంటుందా? మీరే క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు?'

జవాబు వచ్చే తీరులోనే సగం తెలిసిపోతుంది. 'మేం అన్నీ హైజీన్‌గానే వాడతాం మేడమ్' అంటే అది జవాబు కాదు. 'సీల్ మీ ముందే తీస్తాం, అయ్యాక మీ ముందే డబ్బాలో వేస్తాం' అంటే అది జవాబు. 'మీ కాట్రిడ్జ్ మీ పేరుతో కడిగి దాచి ఉంచుతాం, తర్వాతి సిట్టింగ్‌కు పనికొస్తుంది' అని మంచితనంగా చెప్పేవాళ్లూ ఉంటారు. వద్దనండి. సన్నసూదుల మధ్య చేరిన రక్తం కడిగితే పోదు, లోపలి స్ప్రింగులోకి కూడా ఎక్కుతుంది, ఒకసారి వాడితే మొనలు మొద్దుబారతాయి.

ఎంతసేపు అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, కానీ చాలా చెబుతుంది. మైక్రోనీడ్లింగ్‌కు లెక్క వేసుకోండి: ఫారం నింపి ఫొటోలు తీయడానికి పదిహేను నిమిషాలు, మత్తు క్రీమ్ పనిచేయడానికి ముప్పై నుంచి నలభై అయిదు, సూది పనికి ఇరవై నుంచి ముప్పై, చివర్లో శుభ్రం చేయడానికి పది. దగ్గరదగ్గర గంటన్నర. మనిషికీ మనిషికీ మధ్య కుర్చీ, ట్రాలీ తుడవడానికి మరో పావుగంట. నలభై నిమిషాలకో స్లాట్ ఇస్తున్నారంటే పైవాటిలో ఏదో ఎగిరిపోతున్నట్టే. మైక్రోబ్లేడింగ్‌కు రెండు మూడు గంటలు పడుతుంది.

ఇంకొకటి గమనించండి. మంచి చోట వాళ్లే మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు: మందులేవైనా వాడుతున్నారా, గర్భం ఉందా, కీలాయిడ్లు (గాయం మానాక ఉబ్బి పెరిగే మచ్చలు) వచ్చాయా అని. డబ్బు ఫోన్‌పే చేయమని అడిగి ఒంటి గురించి ఒక్క మాటా అడగకపోతే అక్కడ సూది పెట్టించుకోకండి, ఐబ్రోస్ చేయించుకుని వచ్చేయండి.

అడ్వాన్స్, క్యాన్సిల్, ప్యాకేజీ

అడ్వాన్స్ అడగడం తప్పు కాదు. గంటన్నర స్లాట్ ఖాళీ పోతే వాళ్లకు నష్టమే. మొత్తంలో పాతిక శాతం దాకా కట్టడం, 24 నుంచి 48 గంటల ముందు చెబితే తేదీ మార్చుకోవడం, చెప్పకుండా మానేస్తే అడ్వాన్స్ పోవడం న్యాయమైన షరతులే. మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ఒక్క షరతు కోసం: ఒంట్లో బాగాలేక, అదే రోజు పొద్దున చెప్పినా, అడ్వాన్స్ పోకూడదు. మిగతా వాటిలో రాజీపడినా దీనిలో పడకండి. పార్లర్‌కూ ఇదే మేలు. పొక్కులున్న ముఖం మీద పనిచేస్తే వాటిలోని వైరస్‌ను ముఖమంతా పరిచినట్టవుతుంది, తర్వాత గొడవ వాళ్ల మీదకే వస్తుంది.

ఆలస్యం గురించి కూడా అడగండి. పావుగంట లేటైతే 'సర్లెండి, త్వరగా కానిచ్చేద్దాం' అనేవాళ్లు మంచివాళ్లలా కనిపిస్తారు. హెయిర్ కట్ అయితే పర్వాలేదు. సూది పనిలో త్వరగా కానివ్వడమంటే మత్తు క్రీమ్ సరిగ్గా పట్టకముందే మొదలుపెట్టడం, లేదా ముఖం సరిగ్గా తుడవకపోవడం. అలాంటప్పుడు మీరే తేదీ మార్పించుకోండి.

ప్యాకేజీలో ఆరు సిట్టింగుల డబ్బు ముందే కట్టేస్తే, రెండో సిట్టింగ్‌కే నల్లమచ్చలు వచ్చినా మిగతా నాలుగు 'డబ్బు కట్టాం కదా' అని పూర్తి చేయించుకుంటారు. సిట్టింగ్‌కు సిట్టింగ్ కట్టండి, రేటు కాస్త ఎక్కువైనా సరే. ప్యాకేజీయే తీసుకోవాల్సి వస్తే, డాక్టర్ వద్దంటే మిగిలిన సిట్టింగుల డబ్బు తిరిగిస్తామని బిల్లు మీద రాయించండి. ఎన్ని నెలల్లో వాడుకోవాలో, మరొకరికి బదిలీ చేయొచ్చో కూడా రాయించండి. బ్రాంచి మూసేస్తే ఏమవుతుందో అడగడం ఎవరికీ తట్టదు. అదీ అడగండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. పార్లర్ సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పోయి 5 శాతమైంది. పాత పన్నే వేస్తుంటే అడగండి. బిల్లులో చికిత్స పేరు, సూది పొడవు, చేసినవాళ్ల పేరు ఉంటే తర్వాత డాక్టర్‌కైనా, ఫిర్యాదుకైనా అదే ఆధారం.

వెళ్లే రెండు వారాల ముందు నుంచి

ఇవి దాచకుండా చెప్పాలి: మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా, ఈ మధ్యే ఆపినా, రక్తం పలచబడే మందులు, షుగరు, కీలాయిడ్ గుణం, పెదవుల అంచున అప్పుడప్పుడూ లేచే నీటిపొక్కులు, మత్తు క్రీమ్, లేటెక్స్ గ్లవ్స్, హెయిర్ డై పడకపోవడం. నీటిపొక్కుల చరిత్ర ఉంటే సూది పనికి ముందు డాక్టర్ వైరస్‌ను అణిచే మాత్రలు రాస్తారు. గర్భంతో ఉంటే, పాలిస్తుంటే ఈ పనులన్నీ వాయిదా వేయండి.

మెడికల్ షాపులో అడిగి కొన్న తెల్లబడే ట్యూబుల గురించి కూడా చెప్పండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ఆ చర్మం మీద 0.5 సూది కూడా అనుకున్న దానికన్నా లోతుకు దిగినట్టే. మంగు మచ్చలున్న ముఖానికి సూది పని డాక్టర్ చూడకుండా వద్దు, నలుపు ఇంకా పెరగొచ్చు.

రెటినాల్ రకం క్రీములు వారం ముందు ఆపండి. ఎండలో కమిలితే తేదీ మార్చుకోండి. మైక్రోబ్లేడింగ్ రంగుకు, మత్తు క్రీమ్‌కు చెవి వెనక ప్యాచ్ టెస్ట్ చేయించుకుని 48 గంటలు చూడండి. దురద, ఎరుపు ఆలస్యంగా బయటపడే రకం అలర్జీ ఉంటుంది కాబట్టే రెండు రోజులు ఆగడం. పది నిమిషాలు చూసి 'ఏం కాలేదు' అంటే అది పరీక్ష కాదు.

హెపటైటిస్ బి (రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు) టీకా గుర్తుచేసుకోండి. అది దేశమంతటా పిల్లల టీకాల్లోకి వచ్చింది 2011 నాటికి. ఇప్పుడు పెళ్లి వయసులో ఉన్న చాలామందికి చిన్నప్పుడు పడి ఉండకపోవచ్చు. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా ఏడు రోజుల పాటు బతికి ఉండగలదు. మరక కంటికి కనబడాల్సిన పని కూడా లేదు. హెపటైటిస్ సి కి టీకా లేదు.

కుర్చీ దగ్గర ఏం చూడాలి

పరికరాలు రెండు రకాలు. ఒకసారి వాడి పారేసేవి: సూదులు, కాట్రిడ్జ్, బ్లేడు, రంగు పోసే చిన్న కప్పులు. ఇవి సీల్ ప్యాకెట్‌లో రావాలి. మళ్లీ వాడేవి: ఫోర్సెప్స్, క్లాంపులు, బ్లాక్‌హెడ్ లూప్. ఇవి ఆటోక్లేవ్‌లో పెట్టాలి.

ఆటోక్లేవ్ అంటే ఒత్తిడితో నడిచే ఆవిరి యంత్రం. 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలకు పైగా నిలిస్తేనే క్రిములు, బాక్టీరియా గట్టి గింజలతో (స్పోర్లతో) సహా చస్తాయి. మూలన నీలం వెలుగుతో ఉండే యూవీ డబ్బా ఆ పని చేయదు. వెలుగు తగిలిన వైపు కొంత ప్రభావమే తప్ప, కీళ్ల సందుల్లోకి అది పోదు. శుభ్రం చేశాక పెట్టుకునే అలమరాగా పనికొస్తుంది. మరిగే నీళ్లు, డెటాల్, స్పిరిట్ కూడా ఆటోక్లేవ్‌కు సాటి రావు.

ఆటోక్లేవ్‌లో పెట్టిన పరికరం ఉండే పౌచ్‌ను మీ చేతిలోకి తీసుకుని చూడండి. ఒకవైపు కాగితం, ఇంకోవైపు పారదర్శకమైన ప్లాస్టిక్ ఉంటుంది. అంచున చిన్న గుర్తు, బాణమో చుక్కో, ఆవిరి తగలగానే రంగు మారుతుంది. ఏ రంగు ఏ రంగుగా మారాలో ఆ పౌచ్ మీదే అచ్చువేసి ఉంటుంది. మీద తేదీ రాసి ఉండాలి. పౌచ్ తడిగా ఉన్నా, చిరిగినా, స్టేపుల్ కొట్టి మూసినా లోపలిది శుభ్రమైనదని నమ్మకండి. రంగు మారిందంటే ఆవిరి తగిలిందని మాత్రమే అర్థం. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో తెలియాలంటే స్పోర్ పరీక్ష ఉంటుంది, చివరిసారి ఎప్పుడు చేశారని అడిగితే పనిమంతులు నొచ్చుకోరు.

మైక్రోబ్లేడింగ్‌లో, పచ్చబొట్టులో ఇంకో మోసం కనబడకుండా జరుగుతుంది: రంగు చిక్కగా ఉంటే నీళ్లు కలపడం. అది కుళాయి నీళ్లయినా, మూలనున్న వాటర్ క్యాన్ నీళ్లయినా ఒకటే. తాగడానికి పనికొచ్చే నీళ్లు చర్మం లోపలికి పనికిరావు. వాటిలో ఉండే ఒక రకం మైకోబాక్టీరియా నెలల తరబడి మానని కురుపులు తెస్తుంది, మామూలు యాంటీబయాటిక్‌కు లొంగదు. 2011, 2012లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లకు ఇలాగే సోకింది. అక్కడ తయారీలోనే రంగు కలుషితమైంది. సీసా మీద బ్యాచ్ నంబర్, గడువు తేదీ చూడండి. రంగును మీ ముందు కొత్త కప్పులో పోయాలి, మిగిలింది సీసాలోకి తిరిగి పోయకూడదు.

ముక్కు, చెవి కుట్టే గన్ గురించి: చాలా గన్‌లు ప్లాస్టిక్‌వి, ఆటోక్లేవ్‌లో కరిగిపోతాయి. పైగా గన్ మొద్దు కమ్మీని బలంగా గుద్ది లోపలికి నెడుతుంది. తమ్మె వరకైతే, సీల్ తీసే కాట్రిడ్జ్ రకమైతే ఒప్పుకోవచ్చు. ముక్కుకు, చెవి పైభాగానికి వద్దు. మృదులాస్థికి రక్తప్రసరణ తక్కువ, అక్కడ చీము పడితే చెవి ఆకారమే ముడుచుకుపోతుంది. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక దుకాణంలో చెవి పైభాగం కుట్టించుకున్న ఏడుగురికి సూడోమోనాస్ అనే బాక్టీరియా సోకింది, నలుగురు ఆసుపత్రిలో చేరారు. కారణం తెలుసుకోదగ్గది: క్రిములు చంపడానికి పెట్టుకున్న స్ప్రే సీసాలోనే ఆ క్రిమి పెరుగుతోంది. నెలల తరబడి అదే సీసాలో మళ్లీ మళ్లీ ద్రావణం నింపే అలవాటును మన దగ్గరా చూడొచ్చు.

కంసాలి దగ్గర బంగారు తీగతో కుట్టించడం మనకు అలవాటే. చేయి తిరిగినవాళ్ల పని చక్కగా ఉంటుంది, కానీ తీగను పసుపునీళ్లలో ముంచితే శుభ్రమైనట్టు కాదు. పుడక 22 క్యారెట్ల బంగారమో, టైటానియమో అయితే మేలు. చవకరకం గిల్టులోని నికెల్‌తో ఒరుసుకుపోయి దురద పెడుతుంది.

మత్తు క్రీమ్ పేరు, శాతం అడగండి. లేబుల్ లేని డబ్బాలోంచి తీసి పూస్తే వద్దనండి. 4 శాతం మించిన లిడోకైన్ (మొద్దుబరిచే మందు) ఉన్న నొప్పి క్రీములను సౌందర్య పనులకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. పూశాక ప్లాస్టిక్ కవర్ చుట్టి గంటల తరబడి వదిలేస్తే మందు రక్తంలోకి ఎక్కుతుంది. నాలుక, పెదవులు తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, తల తిరగడం మొదలైతే వెంటనే తుడిచేయించండి. పెదవులు, గోళ్లు నీలంగా మారితే అంబులెన్స్ పిలవాల్సిందే.

గ్లవ్స్ వేసుకున్నారా అన్నది అందరూ చూస్తారు. ఆ గ్లవ్స్‌తోనే ఫోన్ ఎత్తారా, సొరుగు లాగారా, జుట్టు సర్దుకున్నారా అన్నది చూడండి. ముట్టుకుంటే మార్చమనండి. అడగడానికి మొహమాటపడొద్దు. సూది పడేది మీ ముఖం మీద.

సూదులతో సీరమ్ వాడేటప్పుడు కూడా ఒక మాట. పైన రాసుకోవడానికి తయారైన విటమిన్ సి సీరమ్‌ను సూదులు చేసిన రంధ్రాల్లోకి నెడితే కొందరికి గట్టి గడ్డలు కట్టాయి. స్టెరైల్ హైలురానిక్ యాసిడ్ ఉంటే అదే వాడమనండి, లేకపోతే సెలైన్ చాలు.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీ సంగతి చదవండి. 2018లో మూయించిన ఒక స్పాలో పేర్లు లేని రక్తపు ట్యూబులు వంటగది ఫ్రిజ్‌లో తిండి పదార్థాల పక్కనే దొరికాయి. ఒకసారి వాడి పారేయాల్సిన పరికరాల కొనలను స్పిరిట్‌లో ముంచి మళ్లీ వాడారు. ఆటోక్లేవ్ అసలు లేనే లేదు. అక్కడ పీఆర్‌పీ మైక్రోనీడ్లింగ్ చేయించుకున్నవాళ్లకు హెచ్ఐవీ సోకిన వైనం 2024లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రచురించింది.

ఆస్ట్రేలియాలో ఉంటే

ఇలాంటి పనులకు అక్కడ చట్టంలో విడిగా ఒక పేరే ఉంది: స్కిన్ పెనెట్రేషన్. న్యూసౌత్‌వేల్స్‌లో వాటిని చేసే చోటు స్థానిక కౌన్సిల్ రికార్డుల్లో నమోదు కావాలి, కౌన్సిల్ అధికారులు తనిఖీ చేస్తారు. క్వీన్స్‌లాండ్‌లో పచ్చబొట్టు, బాడీ పియర్సింగ్ లాంటివాటికి 2003 చట్టం కింద లైసెన్స్ ఉండాలి. ఇంట్లో గది కేటాయించి చేసే తెలుగక్కకూ ఈ నియమాలే వర్తిస్తాయి. మనవాళ్లే కదా అని నమోదు అడగకుండా ఊరుకోకండి.

ఇంటికొచ్చాక

మైక్రోనీడ్లింగ్ తర్వాత మొదటి 24 గంటలు నీళ్లు, సెలైన్ తప్ప ముఖానికి ఏమీ వద్దు. దిండుగలేబు మార్చండి. ఎరుపు రెండు మూడు రోజులుంటుంది. మేకప్ రెండు రోజులు, జిమ్ము చెమట మూడు రోజులు, రెటినాల్ వారం ఆపాలి. రెండో రోజు నుంచి సన్‌స్క్రీన్ మానకూడదు, మానితే మచ్చ ఖాయం.

ముక్కు, చెవులకు రోజుకు రెండుసార్లు 0.9 శాతం సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ పెడితే చాలు. పుడకను తిప్పకండి. కొబ్బరినూనె, పసుపు, వేపపుల్ల మన ఇళ్లలో పాత అలవాట్లు. నూనె పెచ్చుకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది, పుల్ల చెమ్మను పట్టి ఉంచుతుంది. చెప్పినా పెద్దమ్మలు ఒప్పుకోరు, మీరు మాత్రం సెలైన్ వదలకండి.

రెండో రోజుకన్నా నాలుగో రోజు నొప్పి ఎక్కువైతే, ఎరుపు పాకుతుంటే, పసుపుపచ్చ చీము వస్తే, జ్వరం వస్తే పార్లర్‌కు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెవి పైభాగం ఎర్రగా ఉబ్బితే ఆ రోజే వెళ్లండి. పుడకను మీరే పీకేయకండి. రంధ్రం మూసుకుంటే చీము లోపలే చిక్కుకుపోతుంది.

సూది వాడిందేనని తెలిసినా, గట్టి అనుమానం వచ్చినా వాదనతో పొద్దు పుచ్చకండి. ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి చెప్పండి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా పడకపోయి ఉంటే అదీ చెప్పండి, ఆ టీకా కూడా వెంటనే వేస్తారు. ఆ రోజు రక్తపరీక్ష, తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, హెపటైటిస్ కోసం ఆరు నెలలకు మళ్లీ పరీక్ష ఉంటాయి. ఎటు వెళ్లాలో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబర్‌కు ఫోన్ చేస్తే చెబుతారు.

డబ్బు, ఫిర్యాదు

గాయాన్ని రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీయండి. వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. డాక్టర్ చీటీలో 'ఫలానా పని తర్వాత' అని రాయించుకోండి. పార్లర్‌కు మొదట రాతలోనే అడగండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవలో లోపముంటే బిల్లులో చెప్పిన గడువులోపు, గడువేమీ లేకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. 'అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు' అని గోడ మీద అంటించి ఉన్నా ఇది మారదు.

వాళ్లు పలకకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. తర్వాత మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. గడువు, లోపం జరిగిన నాటి నుంచి రెండేళ్లు.